నరసన్న విజిలు పట్టిన ఆటలు

మైదుకూరులో తిరుపతమ్మ టీ అంగడి ముందర బెంచీ మీద నరసన్న కాలు మీద కాలేసుకొని కూచున్నాడు. ఆదివారం మైదుకూరుకూ ప్రొద్దుటూరుకూ ఫుట్‌బాల్ పందెం. విజిలు ఎవురి చేతికియ్యాల్నో తేల్చేదానికి ప్రొద్దుటూరు పెద్ద పుల్లయ్య పొద్దున బస్సుకే దిగినాడు. బెంచీ ఆ కొసన కూచున్న మైదుకూరు పెద్ద హనుమన్న, పోయినేడు నరసన్నను కాదని ఆ విజిలు ఎవురో బడిపంతులు చేతిలో పెట్టినాడు. అప్పటినుంచి నరసన్న హనుమన్న ఇంటికి పెండ్లికీ పోలేదు, చావుకీ పోలేదు. ఈ తూరి విజిలు తన మెడలో పడాల్సిందే.

"నేను గొప్పలు చెప్పుకునేవాణ్ణి కాదు పుల్లయ్యా," అని మొదలుపెట్టినాడు. "మన దేశానికీ బర్మాకూ కొలంబోలో ఆట. శెనక్కాయల మూటలతో పడవెక్కి పోయిన నేను ఊరికే చూస్తాండా. విజిలు ఊదే దొరకు ఎండదెబ్బ తగిలి కూలబడె. విజిలు దొర్లుకుంటా వచ్చి నా కాలికాడ పడె. తీసి ఒక ఊదు ఊదినా. అంతే, మనోళ్లు గెలిచిరి."

"అంతేనా?" అన్నాడు పుల్లయ్య టీ ఊదుకుంటా.

"అంతే అయితే రంగూనోళ్లు నాకు రమ్మని తంతి యాల కొడతారప్పా? మరుసటేడు ఆట ఆడనే. బర్మావోడు తన్నిన బంతి మన గోలుకు జానెడు దూరంలో ఉండాది. అప్పుడేం జేసినానో తెలుసునా? ఊదినా. ఆ ఊదుకు బంతి గాల్లోనే నిలబడి, ఎనక్కి తిరిగి, ఎవురు తన్నినారో వాళ్ల గోలులోకే పోయె!"

"బంతికి చెవులుంటాయా మామా?" అనింది తిరుపతమ్మ.

"బర్మా బంతికి ఉంటాయి. నువ్వేమన్నా చూసినావా?"

తిరుపతమ్మ చూళ్లేదు. పాలు పొంగుతాంటే అటు తిరిగింది.

"ఇంగ కలకత్తా ఆట ఇనండి. పొద్దు గూకుతాండాది, బర్మావోళ్లు ఒక గోలు ముందరుండారు. పొద్దు గూకితే ఆట అయిపోయినట్లే. సూర్యుని పక్క చూసి ఊదినా. నిలబడిపోయినాడు స్వామి! గంగలో పడవలు నిలబడె. కాకులు గూటికి పోవాల్నో వద్దో తెలీక మైదానం మీదనే తిరుగుతాండె. మనోళ్లు మూడు గోల్స్ కొట్టినాక, ఇంగ పో నాయనా అని ఇంకో ఊదు ఊదినా. టపీమని గూకె."

హనుమన్న నవ్వలేదు. పుల్లయ్యా నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి ఓపిగ్గా అడిగినాడు.

"నువ్వు విజిలు పట్టిన ఆటలన్నీ మనోళ్లే గెలిచినారా?"

"ఇంగెవురు గెలుస్తారు? నా నోట్లో విజిలుండంగా మనోళ్లను ఓడిపోనిస్తానా?"

"శానా మంచిది. నీది ఏ ఊరు నరసన్నా?"

"ఇదేం అడగడమప్పా? మైదుకూరే!"

"ఆదివారం మేం ఆడాల్సింది గుడక మైదుకూరుతోనే," అన్నాడు పుల్లయ్య.

హనుమన్న మెల్లగా మీసం దువ్వుకున్నాడు. అది చూసి నరసన్నకు కడుపు మండె. కోతలని ఒప్పుకుంటే విజిలొస్తాది, హనుమన్న ముందర తలెత్తుకునేదానికి లేదు. నిజమని నిలబడితే విజిలు పోతాది.

"అన్నీ అంటే అన్నీ కాదులే," అన్నాడు కడాకు. "ఒకేడు బర్మావోళ్లు గుడక గెలిచినారు."

పుల్లయ్య మొగం కొంచెం విప్పారింది. "అట్లనా? ఆ యేడన్నా ధర్మంగా ఊదినావన్నమాట!"

నరసన్న మెడ నిక్కించినాడు. "నేనుంటే వాళ్లు గెలుస్తారా? ఆ యేడు నాకు జరం. నేను పోలే."

పుల్లయ్య లేచి కండువా దులుపుకున్నాడు.

"అట్లయితే నరసన్నా, ఆదివారం గుడక నీకు జరమే రావల్ల."