మచ్చ ఏ చెంపన?

తాను చాటుగా జనం బొమ్మలు గీస్తుంటే పట్టుకోగల మనిషి ఇంకా పుట్టలేదని పెద్దాయన అందరితో గొప్పగా చెప్పుకునేవాడు. ఆ రోజు బస్టాండులో నేను పక్కనే ఉండగా, ఎదుటి బల్ల మీద కూర్చున్నావిడ తిన్నగా లేచి వచ్చి, ఆయన పుస్తకంలోకి తొంగిచూసింది.

"ఏంటి బాబాయిగారూ, నన్నేనా గీస్తున్నారు?"

"చెయ్యి తిరగడానికి గీస్తుంటానమ్మా. మొన్న ఇద్దరు పట్టుకున్నారు, మీరు మూడోవారు."

"ఆ కాగితం చింపేయండి."

"చింపమంటే చింపుతాను గానీ, ఆర్నెల్లుగా గీస్తుంటే ముఖం కుదరడం ఇదే మొదలు తల్లీ. ఇన్నాళ్లూ అన్నీ వీపులే."

"ఏం కుదిరింది? నా పుట్టుమచ్చ ఎడమ చెంపన ఉంటే మీరు కుడి చెంపన పెట్టారు."

పెద్దాయన ఆమెను చూసి, బొమ్మను చూసి నాలుక కరుచుకున్నాడు.

"నలభై ఏళ్లు జుట్లు కత్తిరించి, గడ్డాలు గీశానమ్మా. కుర్చీ వెనక నిలబడి అందరి ముఖాలూ అద్దంలోనే చూశాను. చెయ్యి ఆ అలవాటున పోయింది. చింపేస్తాలెండి."

"ఆగండాగండి. నేను మాత్రం నన్ను అద్దంలో కాక ఇంకెక్కడ చూసుకున్నాను? రోజూ పొద్దున్నే నాకు కనిపించేది ఈవిడే. ఇది నాకిచ్చేయండి. రేపూ ఇదే బస్సుకొస్తాను, ఇంకోటి గీసుకుందురుగాని."

ఆమె నవ్వుతూ బొమ్మ తీసుకుని బస్సెక్కింది. నవ్విందన్నది నేను కల్పించాను. కాగితం మడత పడకుండా రెండు చేతులతో పట్టుకెళ్లడం మాత్రం నిజం.