గోడ అవతలి పెళ్లిపాట

కొరియాలోని తేగు నగరంలో ఒక పెళ్లి మండపం. ఒకరి పెళ్లి అవుతుండగానే ఇంకొకరి బంధువులు వచ్చి నడవలో నిలబడే రకం. గౌను సర్దే పెద్దావిడ మంచినీళ్లకు వెళ్లింది. పెళ్లికూతురి గదిలో హెరిన్ కదల్లేక సోఫా మీద కూర్చుని ఉంది, బేతాళుడికి తెల్లగుడ్డ చుట్టినంత గౌను మరి. చెల్లెలు దాసొల్ అప్పుడే వచ్చింది, చప్పుళ్లు వినపడకుండా చెవులకు పెద్ద డిప్పలు తగిలించుకుని.

“గుమ్మంలో నిలబడకు దాసొల్, లోపలికొచ్చి తలుపెయ్యి. ఎవరైనా చూశారా?”

“ఏం చూడాలి?”

“నిన్ను.”

“చూశారు. నడవ నిండా జనమే కదక్కా. ఎవరూ కళ్లు మూసుకుని లేరు.”

“అబ్బా, నీతో... సరే. నడిచే వచ్చావా ఇంటి నుంచి?”

“నడిచే. బస్సు తలుపు మూసుకునేటప్పుడు బుస్సుమంటుంది, నా వల్ల కాదు.”

“ఆ చెవుల డిప్పలు తియ్యి. ఫొటోగ్రాఫర్ వస్తాడు.”

“ముత్యాలు అంటించాను చూడు. నీ గౌనుకి సరిపోతాయని.”

“బాగున్నాయి. తియ్యి.”

“గోడ అవతల పాట అయ్యాక తీస్తా. అది మన పాటే కదా?”

“మన పాటేంటి, ఊరందరి పాటా అదే. ఈ ఏడాది ఏ పెళ్లికెళ్లినా అదే పాడి చంపుతున్నారు. మన దాంట్లో మీ బావ స్నేహితులు పాడతారు. డాన్సు కూడా ఉందట.”

“అయితే చప్పట్లు కొట్టిస్తారు.”

“పెళ్లన్నాక కొట్టించరా మరి? అందుకే దాసొల్, నీ మంచికే చెప్తున్నా...”

“ఏంటి?”

“ఏం లేదు. ఏమన్నా తిన్నావా?”

“లేదు. భోజనాల దగ్గర అన్నీ స్టీలు గిన్నెలూ స్టీలు చెంచాలూ, ఒకటే మోత. అమ్మ కిమ్‌బాప్ అన్నం చుట్టలు చేసి పెట్టింది, అమ్మ కారులో కూర్చుని తింటా.”

“కారు! నేనూ అదే అంటున్నా. పాట మొదలయ్యే ముందే కారులోకి వెళ్లిపోతే నీకు హాయి కదా?”

“పాటకి ముందా?”

“లేకపోతే... పెళ్లికి ముందే.”

“పెళ్లి చూడకుండానా?”

“వీడియో తీస్తారుగా. ఇంట్లో సౌండు తగ్గించుకుని ఎన్నిసార్లయినా చూసుకో. ఆ పాట నీకెలా ఉంటుందో నాకు తెలీదా?”

“ఎలా ఉంటుంది?”

“ఏముంది... గోలగా ఉంటుంది.”

“గోలగా ఉండేది నీకు. నాకు... ఇదిగో, ఇప్పుడు విను. ఆ టక్ టక్ ఉంది కదా, డ్రమ్ము? అది నా చెవికి తగల్దు, పంటి చిగుళ్లకి తగులుతుంది. కొట్టినప్పుడల్లా ఐసు ముక్క కొరికినట్టే. వెనకాల సన్నగా కీచుమంటోంది, విన్నావా?”

“నాకేం వినపడట్లేదు.”

“అన్నం గిన్నె అడుగున చెంచాతో గీకితే వచ్చే మోత. పాట మొత్తం ఉంటుంది, ఒక్కసారీ ఆగదు. మీరంతా ఎలా నవ్వుతూ ఊగుతారో!”

“చాల్లే, వింటుంటే నాకే ఒళ్లు జలదరిస్తోంది.”

“కానీ రికార్డులో రెండో చరణం ముందు ఆ పాడే అమ్మాయి ఊపిరి తీసుకుంటుంది. అన్నీ ఆగిపోతాయి, ఊపిరొక్కటే. చలికాలంలో వేణ్ణీళ్లలో కాళ్లు పెట్టినట్టుంటుంది. దాని కోసమే మొత్తం వింటాను. ఇంట్లో, దుప్పటి కింద.”

“అంత నరకం పెట్టే పాట ఇష్టమేంటే నీకు?”

“పాటతో నాకు పేచీ లేదు. స్పీకర్లతోనే.”

“దాసొల్... మామయ్య కూతురి పెళ్లి గుర్తుందా?”

“ఉంది. పాట మొదలవగానే బల్ల కింద దూరాను.”

“దూరి అరిచావు. అందరూ ఫోన్లు తీసి వీడియోలు తీశారు. నేను అప్పుడు...”

“నువ్వు భోజనాల వైపు వెళ్లిపోయావు.”

“చూశావా?”

“బల్ల కింద నుంచి చెప్పులు కనపడతాయిగా. నీవి ఎర్రవి.”

“సిగ్గేసిందే. చచ్చేంత సిగ్గేసింది. నిన్ను చూసి కాదు... సరే, నిన్ను చూసే. తర్వాత నన్ను చూసుకుని.”

“నీ కాటుక కారుతోంది.”

“కారనీ. మా అత్తగారి సంగతి నీకు తెలీదు. నేనంటే ఆవిడకి మొదట్నుంచీ గిట్టదు.”

“గిట్టదని చెప్పారా?”

“చెప్పాలా? ఆవిడ పుట్టినరోజుకి హోటల్లో నేనే మైకు పట్టుకుని పాట పాడాను. సగంలో లేచి బయటికెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. టీవీలో పాటొస్తే కట్టెయ్యమంటుంది, నా మొహం కూడా చూడదు. అలాంటి మనిషి ముందు ఇవాళ నువ్వు బల్ల కింద దూరితే?”

“దూరను. ఇప్పుడు డిప్పలున్నాయిగా.”

“అవి చూసినా అడుగుతారే! ఆ పిల్లెవరు, చెవులకేంటవి అని.”

“నీ చెల్లెలని చెప్పు.”

“చెప్పలేను.”

“ఎందుకు?”

“వాళ్లకి నీ గురించి... కొంచెం వేరేగా చెప్పాను.”

“వేరేగా అంటే?”

“తర్వాత చెప్తాలే. నీకేమో దాచడం చేతకాదు, ఎవరేం అడిగినా ఉన్నదున్నట్టు కక్కేస్తావు. అమ్మమ్మ పాపం కొత్త జుట్టు ఎలా ఉందే అంటే ఉల్లిగడ్డలా ఉందన్నావు.”

“ఉల్లిగడ్డలాగే ఉంది.”

“చూశావా! అందుకే కారులో కూర్చో. నీ కాళ్లు పట్టుకుంటా.”

“ఆ గౌనులో వంగలేవు.”

“వేళాకోళమా?”

“కాదు, నిజంగానే వంగలేవు. సరే, కూర్చుంటా. ఎలాగూ ఒక్కదాన్నే కాదు.”

“అమ్మ రాదు. పెళ్లి మొదట్లో ఇరువైపుల అమ్మలూ కలిసి కొవ్వొత్తులు వెలిగించాలి.”

“వెలిగించాక, పాట వేళకి లేచి వస్తారట.”

“అమ్మా?”

“మీ అత్తగారు. నీలం హన్‌బోక్ కట్టుకున్న ఆవిడే కదా?”

“ఆవిడని నువ్వెక్కడ చూశావు?”

“వెనక మెట్ల మీద. అవతలి హాల్లో మైకులు సరిచూస్తుంటే నేనటు పారిపోయా. అప్పటికే ఆవిడ అక్కడున్నారు, రెండు చేతులతో చెవులు మూసుకుని, గోడ వైపు తిరిగి. నా దగ్గరున్న చెవి బిరడాలు ఇచ్చాను. చిన్నప్పటి నుంచీ అంతేనట. కన్నకొడుక్కి కూడా చెప్పలేదట, సిగ్గట.”

“మా అత్తగారా?”

“ఆవేళ లేచి వెళ్లింది నీ మీద కోపంతో కాదట. కాబోయే కోడలికి ఏం చెప్పాలో తెలీక ఇంటికెళ్లి ఏడ్చారట. నీ గొంతు బాగుందన్నారు. మైకే...”

“ఆగు. ఆగు దాసొల్. నువ్వెవరని చెప్పావు ఆవిడకి?”

“పెళ్లికూతురి చెల్లెలినని.”

“అయ్యో! కొంప ముంచావే. ఆవిడేమంది?”

“చెవి బిరడాలు తీసి మరీ అడిగారు.”

“ఏమని?”

“జపాన్ నుంచి ఎప్పుడొచ్చావమ్మా, చదువెలా ఉంది అని.”

“దాసొల్...”

“ఏడవకక్కా, ఫొటోగ్రాఫర్ వస్తాడు. పొద్దున్నే విమానం దిగానని చెప్పానులే.”