వీపుతో తోసిన వ్యాను

ఏమిటే ఆ మొహం, ఎవరో కొట్టినట్టు? డ్రైవింగ్ టెస్టు తప్పావా? తప్పితే తప్పావు, మళ్ళీ వెళ్తావుగా. ఎప్పుడు, రేపేనా? సరే, కూర్చో. ఆ కుర్చీ కాదు, దానికి ఒక కాలు ఊగుతుంది, ఇటు మంచం మీదకి రా. మీ నానమ్మ కూడా మొదటిసారి తప్పింది, తెలుసా? తెలీదూ? మీ నాన్న చెప్పలేదూ? వాడేం చెప్తాడులే, అప్పటికి వాడికి ముక్కు తుడుచుకోవడమే రాదు. నేనే చెప్పాలి. ఈ మధ్య నాకు మాటలు జారిపోతున్నాయి తల్లీ. నిన్న పక్కింటావిడని పిలవబోయి, పేరు రాక, నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాను. ఆవిడే "ఏం పిన్నిగారూ, ఆవలింతా?" అంది. అందుకని నీకు చెప్పేస్తే, రేపు నా దగ్గర లేకపోయినా నీ దగ్గరుంటుంది.

మీ నానమ్మ నాకు తోడికోడలే గానీ, నేను అక్కా అనే పిలిచేదాన్ని. ఒకింట్లో ఇద్దరు కోడళ్ళు ఇమడరంటారు. మేం ఇంట్లోనూ ఇమిడాం, యూనివర్సిటీలోనూ ఇమిడాం. నేను లైబ్రరీలో ఊడ్చేదాన్ని. పుస్తకాల వీపుల మీద పేర్లు చూసీ చూసీ, కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నది అక్కడే. ఆవిడ లైబ్రరీ ముందున్న కార్ల స్టాండులో. ఇప్పుడు నువ్వు సైకిలు పెడతావే, బెంచీలేశారే, అదంతా అప్పుడు కార్లే. చోటేమో జానెడు, కార్లేమో చీమల బారు. ఒక వరస నిండితే దాని ముందు అడ్డంగా ఇంకో వరస పెట్టించేది. అడ్డంగా పెట్టినవాళ్ళు గేరు తీసేసి, హ్యాండ్ బ్రేకు వెయ్యకుండా వెళ్ళాలి, అది అక్కడి పద్ధతి. లోపలి కారాయన వచ్చాడనుకో, ఈవిడ అడ్డంగా ఉన్నవాటిని తోసి దారి చేసేది. చేతుల్తో అనుకున్నావా? కాదు. వెనక్కి తిరిగి, కారుకి వీపు ఆనించి, మడమలు నేలకి తన్నిపెట్టి, ఆకాశంలోకి చూస్తూ తోసేది. ఎవరైనా చూస్తే, గోడకి చేరగిలబడి కబుర్లు చెప్తోందనుకోవాలి, ఆ గోడ మాత్రం మెల్లగా నడిచి వెళ్ళిపోయేది! "అక్కా, నడుం పోతుందే" అంటే, "పోనీవే, వీపుందిగా" అనేది. ఏ కారైనా కదిలేది. ఒక్క లెక్కల ప్రొఫెసరు కారు తప్ప. ఆయనకి లోకం మీద నమ్మకం లేదమ్మా. హ్యాండ్ బ్రేకు లాగి, తాళం వేసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి తలుపు లాగి చూసుకుని గానీ వెళ్ళేవాడు కాదు. ఆయన వెనక ఇరుక్కున్నవాళ్ళు ఆయన క్లాసు అయ్యేదాకా గోళ్ళు గిల్లుకోవాల్సిందే. పిల్లలు ఆయనకి హ్యాండ్ బ్రేకు అనే పేరు పెట్టేశారు. అసలు పేరు నాకు అప్పుడూ తెలీదు, కాబట్టి అది మర్చిపోయానని ఎవరూ అనలేరు.

ఎక్కడున్నాను? ఆఁ, కార్లు. కొత్తగా ఒక పెద్దాయన వచ్చాడు, యూనివర్సిటీకంతటికీ పెద్ద. వచ్చీ రాగానే, "పిల్లలు నడవడానికి దారి లేదు గానీ, కార్లు పడుకోవడానికి చోటుందా?" అన్నాడట. కార్లన్నీ బయటి గేటు దగ్గరే ఆపాలి, లోపల నడవాలి, లేదా సైకిలు, నడవలేనివాళ్ళకి ఒక వ్యాను తిరుగుతుంది. అంతే, ఆర్డరు. ప్రొఫెసర్లు గగ్గోలు పెట్టారు. హ్యాండ్ బ్రేకు గారైతే, "నా మోకాళ్ళు ఎవరిని అడిగి నడవాలి?" అని వరండాలో నిలబడి అరిచాడు. వాళ్ళకి పోయింది నీడలో చోటు. అక్కకి పోయింది ఉద్యోగం. మీ తాత అప్పటికే మంచాన పడ్డాడు, ఇల్లంతా ఆవిడ వీపు మీదే ఉంది. నేను ఏడుస్తూ కూర్చుంటే, ఆవిడ మొహం కడుక్కుని తిన్నగా ఆ పెద్దాయన గదికి వెళ్ళింది. అందరూ పోట్లాటకనుకున్నారు. ఈవిడేమో, "మంచి పని చేశారయ్యా, పిల్లలు కార్ల అద్దాలకి భుజాలు రాసుకుంటూ నడిచేవాళ్ళు. మరి ఆ వ్యానేదో నేను నడుపుతాను" అంది. ఆయన కళ్ళజోడు తీసి, "డ్రైవింగ్ వచ్చా?" అన్నాడు. "సగం వచ్చయ్యా. ఏ బండి ఎక్కడ పడుతుందో వచ్చు. అది కదిలేటప్పుడు లోపల కూర్చుని ఏం చెయ్యాలో రాదు." ఆయన ఎంత నవ్వాడో! నవ్వి, "ఈ వేసవి సెలవులు అయ్యేలోపు లైసెన్సు తీసుకురా, వ్యాను నీది. లేకపోతే బయటి మనిషిని పెట్టుకుంటాను" అన్నాడు.

ఇంక చూడు. పగలు డ్రైవింగ్ స్కూలు, సాయంత్రం వంటింట్లో నేను రోడ్డు రూల్సు చదువుతుంటే ఆవిడ కూరలు తరుగుతూ వినేది. మూత పళ్ళెం పట్టుకుని కుడికీ ఎడమకీ తిప్పేది. మీ నాన్న వెనక పీట మీద కూర్చుని పీఁ పీఁ అనేవాడు. సరే, టెస్టు రోజు వచ్చింది. నేనూ వెళ్ళాను, లైసెన్సు ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డాను. డ్రైవింగ్ స్కూలు వాళ్ళ వ్యానులో అక్క స్టీరింగు దగ్గర, పక్కన ఆఫీసరు, ఆయన ఒళ్ళో మార్కులేసే అట్ట. బాగానే కదిలింది. గేటు ముందు మలుపులో టక్కున ఆగిపోయింది. వెనక నుంచి ఒకటే హారన్లు. నీకేం నేర్పారు? మళ్ళీ స్టార్టు చెయ్యమనేగా? ఆవిడకీ అదే నేర్పారు. కానీ ఆ హారన్లు చెవిన పడ్డాయో లేదో, ఆవిడకి స్టాండే కనబడినట్టుంది. గేరు తీసేసింది, దిగింది, చకచకా వెనక్కి వచ్చింది, తిరిగి వీపు ఆనించింది! వ్యాను కదిలింది. లోపల ఆఫీసరు ఒక్కడే! "ఓయ్, ఓయ్ అమ్మా!" అని ఆయన కేకలు. ఈవిడ ఆకాశంలోకి చూస్తూ, "స్టీరింగు కాస్త ఎడమకి తిప్పండయ్యా... ఇంకాస్త... ఆఁ, చాలు చాలు, బ్రేకు తొక్కండి!" అని. ఆయన పాపం అట్ట పారేసి ఇటు సీటులోకి జరిగి తిప్పాడమ్మా! గోడ పక్కన గీత గీసినట్టు పెట్టించింది. ఎవరు ఎవరికి టెస్టు పెట్టారో ఆ దేవుడికే తెలియాలి. ఆయన చెమట తుడుచుకుంటూ దిగి ఏదో అడిగాడు. ఈవిడ ఏదో అంది. చాలా మంచి మాట అంది. ఏమందబ్బా? నోటి దాకా వచ్చింది. ఉండు, వస్తుంది. నేను గేటు దగ్గరే ఉన్నాను, నా చెవులతో విన్నాను. ఏదో అంది.

ఎలాగూ ఫెయిల్ చేశాడనుకో, చెయ్యక ఏం చేస్తాడు? కానీ సెలవులు అయ్యేలోపే ఇంకోసారి రమ్మన్నాడు, ఈసారి దిగనని ఒట్టు వేయించుకున్నాడు. పాసయింది. వ్యాను వచ్చింది. నీలం రంగు... నీలమేనా? నీలమే. వస్తే ఏం, ఎవరూ ఎక్కరే! కోపం కొద్దీ అందరూ నడిచేవాళ్ళు. పైగా "కార్లు తోసేదాని చేతిలో ప్రాణాలు పెడతామా?" అని. ఎవరూ ఎక్కకపోతే వ్యాను అమ్మేస్తామన్నారు ఆఫీసువాళ్ళు. అయినా ఆవిడ ప్రతి స్టాపులోనూ ఆపేది, తలుపు తెరిచేది, ఎవరూ లేని చోట కూడా కాసేపు ఆగి, వేసుకుని వెళ్ళేది. నేనొక్కదాన్నే ఎక్కేదాన్ని, అదీ నాకు పని లేని చోటికల్లా. అప్పుడు ఒకరోజు హ్యాండ్ బ్రేకు గారి తల్లి వచ్చింది, కొడుక్కి ఏదో సన్మానమని. కర్ర పొడుచుకుంటూ గేటు దగ్గర దిగి, వ్యాను చూసి, ఎవరినీ అడక్కుండా ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. ఈయన కింద నుంచి, "అమ్మా, దిగు. ఆవిడ మొన్నటిదాకా కార్లు తోసుకునేది" అన్నాడు. ఆ ముసలావిడ, "నేను నిన్ను తోసుకుంటూ ఇంతదాకా తేలేదుట్రా? ఎక్కు!" అంది. ఎక్కాడు. ఎక్కినవాడు ఊరుకున్నాడా, మొదటి స్టాపులోనే, "హ్యాండ్ బ్రేకు వేశావా?" అన్నాడు. అక్క వెనక్కి తిరక్కుండా, "మీరున్నారుగా సార్, ఎక్కడికి పోతుంది?" అంది. ముసలావిడకి సంగతి తెలియకపోయినా నవ్వు ఆగలేదు. చివరికి ఆయనా నవ్వాడు. పిల్లలు చూశారు. హ్యాండ్ బ్రేకే ఎక్కాక ఇంక మనకేం అని, మర్నాటి నుంచి నిలబడే చోటు లేదు.

ఎన్నేళ్ళు నడిపిందో. ఒంట్లో బాగోకపోయినా నడిపింది. ఇప్పుడు ఆ బ్యాటరీ బస్సు నడిపే అమ్మాయిని చూశావుగా, జుట్టు కత్తిరించుకున్నావిడ? ఆ అమ్మాయికి నేర్పినావిడకి నేర్పింది మీ నానమ్మే. ఆ అమ్మాయికి ఈ సంగతి తెలీదు. మొన్న చెప్దామని ఎక్కాను, ఎందుకెక్కానో మర్చిపోయి దిగిపోయాను... ఆఁ! దొరికింది. వచ్చిందే! ఆ ఆఫీసరు, "ఆగితే మళ్ళీ స్టార్టు చేసుకోవాలి గానీ, ఎందుకు దిగావమ్మా?" అన్నాడు. అవును, అదే అడిగాడు. ఈవిడ ఒగరుస్తూ, "నాది ఎప్పటికి కదులుతుందోనయ్యా. అందాకా వెనకవాళ్ళు ఎందుకు ఆగాలి?" అంది. అదీ మాట. వెనకవాళ్ళు ఎందుకు ఆగాలి, అంది. గుర్తు పెట్టుకో. పెట్టుకున్నావా? ఏదీ, ఒకసారి అను... ఊఁ. అదే.

ఇంతకీ, నీ టెస్టు ఎప్పుడన్నావు?