బిల్డింగ్ మాఫీ

ఖతార్‌లోని అల్ ఖోర్‌లో ఓ ముత్యాల వర్తకుడి పాత ఇల్లు బాగుచేస్తున్న సైటు. మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు క్యాబిన్లో ఇద్దరే ఉన్నారు: డ్రాయింగులు చూసే జడ్సన్, తాపీమేస్త్రి లస్మయ్య.

"పగిలిన గాజు అతుక్కోదు కదా, లస్మయ్య గారూ."

"ఏ గాజు సారూ?"

"ఏ గాజంటారేంటండీ. పడమటి గోడ బీటకి అడ్డంగా మన పనంతా చూసే లరీసా మేడం అంటించిన గాజుపట్టీ. గోడ కదిల్తే పగలాలనే కదా అది పెట్టింది. పోయిన వారం నేను తీసిన ఫోటోలో దానికి పగులుంది. ఇవాళ్టి ఫోటోలో లేదు."

"ఫోటో సక్కగ రాలేదేమో."

"లస్మయ్య గారూ."

"చాయ్ తాగుతవా సారూ? కరక్ తెప్పిస్త."

"ఎవరు మార్చారు?"

"మార్చుడేంది..."

"చెప్పండి."

"నేనే మార్చిన. పలిగిన అద్దం ఇంట్ల ఉండద్దంటరు మా దిక్కు. తీసి కొత్తది పెట్టిన. అంతే."

"అంతేనా? రేపు పెద్దాఫీసు నుంచి ఇంజనీర్లు వస్తున్నారు. గాజు నిలిస్తే గోడ ఉంచుతారు. పగిలితే ఇల్లు మొత్తం కొట్టేసి సిమెంటు బ్లాకులతో లేపుతారు. ఆ సంగతి మీకు తెలుసు కదండీ."

"ఎర్కే."

"కొత్త గాజు మీద పాత తేదీయే రాసుంది. అదీ మీరే రాశారా?"

"నేనే రాసిన."

"ఇదిగో పెన్ను. ఏడంకె వెయ్యండి."

"ఎందుకు సారూ?"

"వెయ్యండి."

"ఏసిన."

"మీ ఏడుకి నడుం మీద గీత లేదు. గాజు మీదున్న ఏడుకి ఉంది. అలా గీసేది ఈ సైట్లో మేడం ఒక్కరే."

"నన్నే రాసుకో సారూ. లస్మయ్య జేసిండని రాసుకో. ఇంటికి పంపిస్తే పోత."

"ఆవిడేంటండీ ఈ పని చెయ్యడం? కొత్త సున్నం వేసిన చోట తేడా కనపడాలి, చూసేవాళ్ళని మోసం చెయ్యకూడదని నాకు రోజూ పాఠం చెప్పే మనిషి. ఉక్రెయిన్లో చదువయిన దగ్గర్నించీ ఇదే పని. ఎవరికీ అక్కర్లేని పాత మేడలు పట్టుకుని, కూల్చేస్తామన్న వాళ్ళతో పోట్లాడి నిలబెట్టారు. పెళ్ళి ఫోటో చూపించమంటే వాళ్ళ ఊళ్ళో తను నిలబెట్టిన లైబ్రరీ మెట్ల మీద దిగింది చూపించారు నాకు. పెళ్ళికొడుకు సగమే పడ్డాడందులో, మెట్లు మాత్రం అన్నీ ఉన్నాయి. ఆ లైబ్రరీ..."

"అది లేదిప్పుడు."

"తెలుసండీ. మిస్సైల్ పడింది."

"నీకెవలు చెప్పిండ్రు?"

"ఆఫీసులో అనుకున్నారు. మీకు?"

"ఆమెనే చెప్పింది. అప్పటికి నేనొచ్చి నెల గూడ గాలే. పొద్దుగాల సున్నం కలుపుతాంటే అచ్చి నిలవడ్డది. ఏం మేడం, మీ ఊరు మంచిగున్నదా అని హిందీల అడిగిన. ఊరున్నది, బిల్డింగ్ మాఫీ అన్నది."

"మాఫీ అంటే లేదని."

"నాకప్పుడు అరబ్బీ ఏమెర్క సారూ. మాఫీ అంటే మా దిక్కు అప్పు మాఫీ. ఇడిసిపెట్టుడు. ఆ బిల్డింగును ఇడిసిపెట్టిండ్రు గావచ్చు అనుకున్న. బహుత్ అచ్చా మేడం అన్న. నవ్విన గూడ."

"అయ్యో. ఆవిడేమన్నారు?"

"తలకాయ ఊపింది. సున్నంల నీళ్ళు తక్కువైనయ్ అని చెప్పి పోయింది. మాఫీ అంటే ఏందో క్యాంపుల మా రూమోళ్ళు చెప్పిండ్రు. ఆ పూట బువ్వ ముట్టలే నేను. ఇప్పటికీ ఆ మాట యాదికొస్తే సిగ్గయితది."

"అందుకే గాజు మార్చడానికి సాయం చేశారా?"

"పట్టుకున్న, అంతే. రాసింది ఆమె. ఆ లైబ్రరీ గోడకు గూడ గిట్లనే అద్దం పెట్టిందట. అన్నేండ్లల్ల ఒక్కసారి పలగలేదట. అద్దం మంచిగనే ఉండె, గోడనే పోయింది అన్నది. ఏడ్వలే సారూ. టైమెంతయింది అని అడిగినట్టు చెప్పింది. నాకు భయమైంది."

"నాకిప్పుడవుతోందండీ. గోడ కదుల్తోంది, దాని కింద మనుషులు పనిచేస్తున్నారు. ఇంజనీర్లకి చెప్పకపోతే పాపం. చెప్తే ఈ ఇల్లూ మాఫీ. ఆవిడ మొహం ఎలా చూడను నేను?"

"కింద మావోళ్ళు ఎవ్వరు లేరు. ఆ దిక్కు పోనిస్తలేదు మేడం. తాడు గట్టింది. నీడకు కూసున్నోళ్ళను గూడ లేపి పంపింది."

"ప్రభువా, ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ. జాగ్రత్తలోనే ఉన్నారన్నమాట. అయితే ముందు ఆవిడతోనే మాట్లాడదాం. గోడకి ఊతాలు పెట్టి నిలబెట్టే దారి ఏదో ఉండకపోదు, ఆవిడకి తెలియంది కాదు. భోజనానికి వెళ్ళారా?"

"పోలే."

"మరెక్కడున్నారు?"

"ఆడనే."

"ఎక్కడండీ?"

"తాడుకు అవతల. గాజు మార్చినకాడికెల్లి రోజు ఆ గోడకే ఒరిగి కూసొని తింటాంది సారూ."