గట్టిమేళంలో తుమ్మిన కెమెరా

"ఎవడ్రా నా కెమెరా పాడైపోయిందన్నది? వాణ్ణి ఇక్కడికి రమ్మనండి, నా మొహం మీద అనమనండి!"

ప్రత్తిపాడు సెంటర్లో జయకుమారి టీ కొట్టు. బల్ల మీద గ్లాసు ఠంగుమని పెట్టి అరుస్తున్నాడు ఫోటోగ్రాఫర్ గౌస్ బాషా. రీలు కెమెరా అమ్మేసి డిజిటల్ కొన్నప్పటినుంచీ ఆయన గొంతు కూడా పెద్దదైంది. ఎదురుగా కూర్చున్నది రైతు బుల్లయ్య. కూతురి పెళ్లయిన కొద్ది రోజులకే ఆయన తల్లి పోయింది. రేపు పెద్దకర్మ. రేషన్ కార్డు మీది బొమ్మ తప్ప ఆవిడకి వేరే ఫోటో లేదు. ఆ పెళ్లిలో బాషా తీసిందే దిక్కు.

"ఎవరూ ఏమీ అన్లేదు గానీ, మా అమ్మ ఫోటో ఇయ్యరా, పోతాను," అన్నాడు బుల్లయ్య.

"ఇస్తా బాబాయ్, ముందు ఇది విను. నేనేదో ఘనకార్యం చేశానని చెప్పుకోవట్లేదు. ఆగిపోయిన కెమెరాని పెళ్లి మధ్యలో బాగుచేశా, అంతే. మీ తేజశ్రీ పెళ్లిలో జీలకర్రా బెల్లం పెట్టే టైమయింది, అడ్డుతెర పట్టుకున్నారు, నేను బటన్ సగం నొక్కా. సగం నొక్కితే ఫోకస్ పట్టాలి, పూర్తిగా నొక్కితే షట్టర్ పడాలి, అదీ దాని పద్ధతి. పట్టదే! లెన్సు ముందుకీ వెనక్కీ గిర్రుగిర్రుమంటోంది, షట్టర్ పడదు. ఎందుకో తెలుసా? ఆ తెర! తెల్లటి కొత్త పంచె, దాని మీద ఓ అంచా, ఓ పువ్వా, ఓ మరకా! ఆటోఫోకస్ పట్టుకోడానికి ఏదో ఓ గీత ఉండాలా వద్దా? కనీసం ఇంత పసుపు పూసి చావచ్చుగా! ఎవడు తెచ్చాడో ఆ తెర, వాణ్ణి..."

"నేనే తెచ్చా," అన్నాడు బుల్లయ్య.

"అదీ! తప్పు ఎవరిదో తేలిపోయిందిగా! ఊరంతా నన్నంటారేం మరి?"

"ఫోకస్ చేత్తో తిప్పుకోవచ్చంటగా?" అన్నాడు ఆటో కోటేష్.

"చేత్తో తిప్పుకునేదానికి డిజిటల్ ఎందుకురా, తిరగలి కొనుక్కునేవాణ్ణి! నోరు మూసుకుని విను. ఒళ్ళు మండిపోయింది నాకు. కళ్ళజోళ్ళు బిగించే చిన్న స్క్రూడ్రైవరు ఎప్పుడూ నా జేబులో ఉంటుంది. గట్టిమేళం అందుకున్నారు. డోలు మీద మొదటి దెబ్బ పడింది, రెండో దెబ్బ పడేలోపు కెమెరా మొత్తం విప్పేశా. లోపలేముందో తెలుసా? కారం! మార్కెట్ యార్డులో మిరప బస్తాల ఫోటోలు తీసిన పాపానికి గుప్పెడు కారం కూరుకుపోయి ఉంది, షట్టర్ రెక్కలు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. ఉఫ్‌మని ఊదా. తుమ్మింది!"

"ఎవరు?" అడిగాడు కోటేష్.

"కెమెరా! ఆ తుమ్ముకి డోలు వాయించేవాడి భుజం మీద కండువా ఎగిరి పెళ్ళికొడుకు మేనమామ మొహాన పడింది. ఎలా బిగించానో నాకే తెలీదు, బిగించి మళ్ళీ సగం నొక్కా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కారం వదిలిన కన్ను, ఇంక ఆగుతుందా! తెరలోంచి దూరిపోయింది, షామియానా దాటేసింది, పత్తిచేలో పడి కాయ లోపల పచ్చపురుగు మీసం పట్టుకుంది."

"పురుగుకి మీసమేంట్రా?" అన్నాడు కోటేష్.

"ఫోకస్ పడ్డాక చూడు, నీకే కనపడుద్ది! అక్కణ్ణించి మార్టూరు. వాడెవడో రాయికి పాలిష్ పెడుతున్నాడు, ఆ రాతిలో వాడి మొహం, ఆ మొహం మీద గడ్డం గీసుకుంటే పడ్డ గాటు! అక్కడన్నా ఆగిందా? దర్శి బస్టాండులో కండక్టరు చింపుతున్న టిక్కెట్టు మీద నంబరు చదివా నేను! రెండు చేతుల్తో వెనక్కి లాగుతుంటే పొగరుబోతు కోడెలాగా నన్ను ఈడ్చుకుపోతోంది."

"బాషా, ఫోటో," అన్నాడు బుల్లయ్య. ఈసారి గొంతు లేచింది.

"అక్కడికే వస్తున్నా, తొందరపెట్టమాక! తలంబ్రాలు మొదలయ్యాయి. అసలే కోపంలో ఉన్నానా, బటన్ గట్టిగా నొక్కేశా. తెరుచుకున్న షట్టర్ మళ్ళీ మూసుకోలేదు. అంతే! తలంబ్రాలు గాల్లో ఆగిపోయాయి. దోసిలెత్తిన పెళ్ళికూతురు అలాగే ఉంది. బెల్లం మీద వాలబోయిన ఈగ కూడా అలాగే ఉంది. పంతులుగారికి ఒక్కడికే నోరాడుతోంది, 'వేలు తియ్యి నాయనా, ముహూర్తం ముందుకి జరగట్లేదు' అని ఏడుస్తున్నాడు. నేను తియ్యలా!"

"లోకమంతా ఆగిపోతే మరి నువ్వెట్లా కదిలావు?" టీ వడకడుతూ అడిగింది జయకుమారి.

"నేను కెమెరా వెనకాల ఉన్నాగదా అక్కా! తీరుబడిగా మండపమంతా తిరిగా. అడ్డమొచ్చిన బియ్యపు గింజల్ని ఒక్కోటీ వేలితో పక్కకి జరిపి, కుర్చీలో ఉన్న మీ అమ్మగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని తీశా బాబాయ్. మొహం మీద ముడత ముడతా వచ్చింది. పిలిస్తే పలికేట్టుంది!"

బుల్లయ్య లేచి నిలబడ్డాడు.

"పలికేట్టుందా? నిజంగానా?" బల్ల మీదుగా చెయ్యి చాచాడు. "ఇయ్యరా మరి. ఇంట్లో ఫ్రేమ్ కొనిపెట్టుకుని కూర్చున్నాం."

బాషా సంచీలో చెయ్యి పెట్టాడు గానీ తియ్యలేదు. "ఇంకొంచెం కంప్యూటర్లో పెట్టి సరిచెయ్యాలి బాబాయ్, రెండ్రోజులాగితే..."

"రెండ్రోజులాగితే కర్మ ఆగుద్దిట్రా!" సంచీ లాక్కుని కవరు బయటికి తీశాడు బుల్లయ్య.

ఫోటో కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు, దూరంగా పట్టుకున్నాడు, మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నాడు. కుర్చీలో ఒక తెల్లటి మసక ఉంది. కళ్ళేవో నోరేదో తెలీదు. ఆ వెనకాల వంటవాళ్ళు గోడకి ఆనించిన గ్యాస్ బండ మాత్రం తుప్పుతో సహా స్పష్టంగా ఉంది.

"మార్టూరులో గడ్డం గాటు కనపడింది, దర్శిలో టిక్కెట్టు నంబరు కనపడింది. ఎదురుగా కూర్చున్న మా అమ్మ కనపళ్ళేదురా నీకు?"

"వెనకాల మాత్రం చాలా బాగా వచ్చింది బాబాయ్," గొణిగాడు బాషా.

బుల్లయ్య ఫోటోని బాషా మొహం ముందుకి తెచ్చాడు.

"అయితే రేపు దండ ఈ గ్యాస్ బండకి వెయ్యమంటావా?"