మిషన్ బట్ట

కాశిబుగ్గలో చనిపోయిన తండ్రి మగ్గం ముందు కొత్త ఎస్సై నిలబడింది. చేతిలో దొంగతనం కేసు ఫైలు ఉంది. స్టేషన్‌లో కూర్చోబెట్టిన ఆటో డ్రైవర్‌ను సాయంత్రానికల్లా అరెస్టు చెయ్యాలని పై అధికారి ఆదేశం. పక్క మగ్గం మీద మేనత్త నేస్తోంది.

"అత్తా, క్రైం బ్రాంచిల అంత పని పెట్టుకొని నాయిన మగ్గమెందుకు విడువలే?"

"దినమంత అబద్ధాలినేటోడాయె. ఈడ కూసుంటె పానం నిమ్మలమైతదనేటోడు."

"మంచిగ నేసేటోడా?"

"ఏం మంచిగ! బట్ట ఎనుక అన్నీ ముడులే. పెద్ద పోలీసువు, జర సాఫుగ నెయ్యరాదా అని తిడితె నవ్వేటోడు. చేత్తోని నేస్తె పోగు తెగుతది, ముడి పడ్తది, ముడే లేకుంటె అది మిషన్ బట్టనే చెల్లే అనేటోడు."

ఎస్సై ఫైలు తెరిచి, ముగ్గురు సాక్షుల మాటలనూ పక్కపక్కన పెట్టి చదివింది.

"ఏమైంది బిడ్డా?"

"ముగ్గురు ఒక్కటే చెప్పిండ్రత్తా. అక్షరం తేడా లేదు. ఇయ్యాల ఆ డ్రైవర్‌ను అరెస్టు చెయ్య."

"మరి మీ పెద్దసారు ఊకుంటడా?"

"ఆ ఫికర్ నాకిడువు."

ఆమె స్టేషనుకు ఫోన్ చేసింది.

"ఆ డ్రైవర్‌ను ఇంటికి పంపుండ్రి. సాక్షులను మల్ల పిలువుండ్రి, ఒక్కొక్కల్ని వేరే వేరే. నేనే అడుగుత."