డేటు దాటిన పొట్లం

తైవాన్‌లోని తైనాన్‌లో ఎండ వాలుతున్న వేళ, పోయిన భర్త కంప్యూటర్ ముందు ఆయన స్నేహితుణ్ణి కూర్చోబెట్టి ఆవిడ పక్కనే నిలబడింది. యంత్రం మాట వినాలని అక్కడ అందరూ పెట్టుకునే ఆకుపచ్చ చిరుతిండి పొట్లం, ఆయన పెట్టిందే, దాని నెత్తిన ఉంది.

"లినక్స్ అప్‌డేట్ అడిగితే సరేనని నొక్కానయ్యా. అప్పట్నుంచి వైఫై లేదు. పొట్లం డేటు అయిపోయింది, అందుకేనంటావా?"

"పాపం, దాని తప్పేం లేదు వదినా. ఈ వైఫై డాంగిల్‌కి, దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం విడిగా ఎక్కించాలి. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మళ్ళీ ఎక్కించాలి."

"ఇన్నాళ్ళూ ఎవరెక్కించారు?"

"ఇంకెవరు? అన్నయ్యే."

"నాకెప్పుడూ వైఫై పోలేదే!"

"మీరు లేచేలోపే చేసేసేవాడేమో."

"పొద్దున్నే ఈ గదిలో దూరితే, ఆ డొక్కునే కట్టుకోకపోయారా అని తిట్టేదాన్ని. ఒక్కనాడూ చెప్పలేదే ఆయన."

"... వచ్చింది, చూడండి. ఇకమీదట దానంతటదే ఎక్కేలా చేసెయ్యనా? ఎవరి అవసరమూ ఉండదు."

"వద్దులే."

"మళ్ళీ పోతుంది వదినా!"

"పోతే ఫోన్ చేస్తాను. వస్తావుగా?"

అతను సంచిలోంచి ఇంకో ఆకుపచ్చ పొట్లం తీశాడు.

"వస్తాను. ఇదిగో, కొత్త పొట్లం తెచ్చాను. ఏడాదిదాకా కంప్యూటర్ బుద్ధిగా ఉంటుంది."

"అక్కడ పెట్టు నాయనా. నేను మారుస్తాను."

అతను వెళ్ళాక ఆవిడ కొత్త పొట్లాన్ని వంటింటి అలమరలో దాచేసింది. డేటు దాటినదాన్ని కాస్త దుమ్ము దులిపి, మళ్ళీ కంప్యూటర్ మీదే నిలబెట్టింది.